కారు దీపములు - ఎల్.ఇ.డి. బల్బులు

మోటారుకారు ముందుదీపములోని బల్బు మాడిపోవుట నిత్యము జరుగుచుండు స్వల్పవిషయము. కొంతకాలము క్రిందటివఱకు కారు యజమాని దుకాణమునకు బోయి, మాడిన బల్బును చూపి, అదే జాతి బల్బును గొని అమర్పించుకొని తన దారిని దాను బోవుచుండెను. నేడు పరిస్థితి మాఱినది. దుకాణదారుడు పాతజాతి హాలోజను బల్బుతోపాటు ఎల్.ఇ.డి. బల్బుల జతను గూడ బల్లమీద నుంచి, వెలుతురు మూడింతలు వచ్చుననియు, బల్బు చిరకాలము మన్నుననియు, బ్యాటరీకి భారము తగ్గుననియు నచ్చజెప్పుచున్నాడు. బిగించుట కొద్ది నిమిషముల పని. బిగించుకొన్నవారు సంతోషముతో నిల్లు చేరుచున్నారు. వారికెదురుగా వచ్చువారు మాత్రము కన్నులకు చేయి అడ్డము పెట్టుకొని, ఏది త్రోవయో ఏది గుంటయో తెలియక తడబడుచున్నారు. ఒకని సౌకర్యము మఱియొకని ప్రాణమునకు అపాయకరమగుచున్నప్పుడు అది స్వంతవిషయము కాజాలదు, ప్రజావిషయమగును. కావున ఈ దీపముల మార్పును గూర్చి మా యభిప్రాయమును పాఠకుల యెదుట నుంచుట కర్తవ్యమని తలంచుచున్నాము.

శ్రీకాకుళము మొదలు నెల్లూరు దాటువఱకు తీరము వెంట సాగు 16వ నంబరు జాతీయ రహదారివంటి పెద్దబాటలమీద నడుమ గట్టు ఉండుటచే ఎదుటి దీపముల బాధ కొంత తక్కువ. అసలు కష్టము రెండు వరుసల జిల్లా రోడ్లమీదను, ఊరి పొలిమేర రోడ్లమీదను గలదు. అచ్చట కారు, లారీ, ట్రాక్టరు, ఎడ్లబండి, సైకిలు, పాలకేంద్రమునకు నడచిపోవు స్త్రీ, అందఱును ఒకే బాటను పంచుకొందురు. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖవారి లెక్కలనుబట్టి 2022వ సంవత్సరమున దేశమందు 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరి. మరణించినవారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములవారు. 19 మందికి పైగా పాదచారులు. ఈ మరణములన్నియు దీపములవలననే కలిగినవని మేము చెప్పుటలేదు. అతివేగము, మద్యపానము, చెడిన రోడ్లు మొదలగు కారణములు పెక్కులు గలవు. కాని బాటపై మరణించువారిలో అధికసంఖ్యాకులు కారులో కూర్చుండినవారు కాక, కారు వెలుతురునకు ఎదురుగా నిలిచినవారేయని ఈ లెక్కలు స్పష్టము చేయుచున్నవి. దీపములను గూర్చిన విచారము వీరి పక్షమునుండియే ఆరంభింపవలయును.

మేము నూతనవస్తువులకు విరోధులము కాము. ఎల్.ఇ.డి. దీపము శాస్త్రజ్ఞానము మానవజాతికి ప్రసాదించిన గొప్ప వరములలో నొకటి. 1962వ సంవత్సరమున అమెరికాలో నిక్ హొలోన్యాక్ పండితుడు కంటికి కనబడు ఎఱ్ఱని వెలుగు నిచ్చు డయోడును నిర్మించెను. నీలివెలుగు నిచ్చు డయోడు సాధించుటకు మఱి మూడు దశాబ్దములు పట్టెను. ఆ కృషికి గాను జపానుదేశీయులగు అకసాకి, అమానో పండితులకును, జపానున జన్మించిన నకమురా పండితునికిని 2014లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమాన మొసగబడినది. నీలికాంతిపై పసుపుపచ్చని ఫాస్ఫరు పూత వేయుటచే తెల్లని వెలుతురు పుట్టినది. మనదేశమున 2015 జనవరిలో ఆరంభింపబడిన ఉజాల పథకముక్రింద 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు గృహస్థులకు చేరినవి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానువలన విశాఖపట్టణము అంధకారమున మునిగిన పిమ్మట, ఆ నగరవీధులలో 90,000కు పైగా ఎల్.ఇ.డి. దీపము లమర్పబడినవి. కరెంటు ఖర్చు తగ్గినది, వెలుతురు పెరిగినది. ఈ మేలును కాదనువాడెవ్వడును లేడు.

ఐనచో ఇంటియందు మేలు చేసిన దీపము కారుయందు మాత్ర మేల కీడు చేయవలయునని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్నయే అన్నింటికిని మూలము. ఇంటిబల్బు పని నలుదిశల వెలుతురు చిమ్ముట. గోడమీద పడినను, కప్పుమీద పడినను అది వృథా కాదు. కారు ముందుదీపము పని అట్టిది కాదు. కొంత స్థలమున వెలుతురు వేయుట దాని పనిలో సగము. తక్కిన స్థలమున వెలుతురు వేయకుండుట మిగిలిన సగము. మన దేశమున బండ్లు ఎడమప్రక్కను నడచును గనుక, డిమ్ము దీపపు వెలుతురు ఎడమవైపున దూరముగా సాగి బాట యంచును, అచ్చట నడచువానిని చూపవలయును. కుడివైపున క్రిందికి వ్రాలి, ఎదురువచ్చువాని కన్నులను విడిచిపెట్టవలయును. వెలుతురునకును చీకటికిని నడుమ గీచినట్లొక హద్దు ఉండవలయును. ఇంటిదీపమునకు లేని ఈ కట్టుబాటు కారుదీపమునకు ప్రాణము. ఈ భేదమును విస్మరించుటచేతనే ఇన్ని యనర్థములు కలుగుచున్నవి.

ఈ హద్దును కల్పించునది బల్బొక్కటియే కాదు. మన మెకానిక్కులు డూమని పిలుచు దీపపు గిన్నెలోని రిఫ్లెక్టరు, ముందరి అద్దము, బల్బు, ఈ మూడును కలిసినగాని దీపము కాదు. హాలోజను బల్బులో టంగ్‌స్టన్ తీగ యుండును. వేడికి ఆవిరియగు టంగ్‌స్టన్, గాజులోపలనున్న హాలోజను వాయువు సాయముచే మరల తీగపైకే చేరును. ఆ కారణముచే గాజు నల్లబడక వెలుతురు నిలుచును. ఈ జాతి బల్బులు ఐరోపాలో 1962లో కారులకు వచ్చినవి. మనవారికి సుపరిచితమగు హెచ్-4 బల్బునందు తీగలు రెండు. ఒకటి బ్రైటునకు 60 వాట్లు, రెండవది డిమ్మునకు 55 వాట్లు. డిమ్ము తీగక్రింద చిన్న లోహపు దొన్నె యొకటి యుండును. ఆ దొన్నె క్రిందివైపు వెలుతురు నడ్డగించుటచేతనే రిఫ్లెక్టరునుండి కాంతి పైకి లేచి ఎదుటివాని కన్నులలో పడదు. సన్నని ఆ తీగ ఏ స్థానమున నున్నదో దానిని గుఱుతుగా గొనియే రిఫ్లెక్టరు వంపు లెక్కగట్టబడినది. తీగ మిల్లీమీటరు తొలగినను వెలుతురు రూపము చెడును.

ఇట్టి డూములో ఎల్.ఇ.డి. బల్బును దూర్చినప్పుడు జరుగునదేమి? తీగ యుండవలసిన చోట ఒక సన్నని పలక వచ్చును. పలకకు రెండువైపుల చిప్పలు అతికింపబడియుండును. తీగ అన్నివైపులకు వెలుగు చిమ్మును. చిప్ప తన ముఖమెటున్నదో అటే చిమ్మును. పలక మందము కొలదియు చిప్పలు కేంద్రమునుండి తొలగును. రిఫ్లెక్టరు తనకు తెలియని స్థలమునుండి వచ్చిన కాంతిని తన వంపుప్రకారమే త్రిప్పి, పోగూడని దిక్కులకు పంపును. వెలుతురు హద్దు చెదరును. కొంత పైకి లేచును. పలకను హోల్డరులో కొంచెము వంకరగా బిగించినను దీపము రూపు మఱింత చెడును. పెట్టెపై వేలకొలది ల్యూమెనులని అచ్చువేసియుండును. ప్రమాణములనుబట్టి హెచ్-4 హాలోజను బల్బు డిమ్మునకు 1,000, బ్రైటునకు 1,650 ల్యూమెనులు మాత్రమే. ఎక్కువ ల్యూమెనులనగా ఎక్కువ చూపు అని కొనువారు నమ్ముచున్నారు. గుఱితప్పిన బాణము ఎంత పదునైనదైన నేమి ప్రయోజనము?

ఇందు మఱియొక మోసము గలదు; అది కారు నడుపువానికే జరుగునది. చెదరిన వెలుతురు కారుముందు పది పదునైదు గజములలో బాగుగా పఱచుకొనును. దగ్గఱి నేల తెల్లగా మెఱయుటచే దీపము బ్రహ్మాండముగ నున్నదని నడుపువాడు మురియును. కాని దగ్గఱి నేల అధికముగ వెలిగిన కొలదియు కంటిపాప ముడుచుకొని, దూరమున మసకగా నున్న వస్తువును చూచు శక్తి తగ్గిపోవును. ఆపదను ముందుగా చూపవలసినది దూరపు వెలుతురే. ఎదుటివాని సంగతి మఱింత కష్టతరము. మిఱుమిట్లు గొన్న కన్ను తేఱుకొనుటకు కొన్ని సెకండ్లు పట్టును. వయస్సు మీఱినవారికి, శుక్లములున్నవారికి ఇంకను హెచ్చు కాలము పట్టును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున బోవు బండి ఒక సెకండులో 22 మీటర్లు సాగును. మూడు సెకండ్లు కన్ను గానకున్నచో 66 మీటర్లు గ్రుడ్డిగా నడిపినట్లే. ఆ 66 మీటర్లలో ఒక సైకిలో, వెనుకదీపము లేని ట్రాక్టరో ఉన్నచో జరుగబోవునది చెప్పనక్కఱలేదు. హాలోజను వెలుతురు కొంత పసుపువన్నె గలది. ఈ బల్బుల వెలుతురులో నీలిపాలు హెచ్చు. నీలిపాలు హెచ్చిన వెలుతురు కంటికి మఱింత బాధాకరము.

పొదుపును గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. రెండు హాలోజను బల్బులు కలిసి 110 వాట్లు గ్రహించును. ఎల్.ఇ.డి.లు అందులో సగము గ్రహించినవనుకొన్నను మిగులునది 55 వాట్లు. వేలకొలది వాట్ల శక్తితో నడచు ఇంజనునకు ఇది యొక లెక్కలోనిది కాదు. పెట్రోలు పొదుపుకై ఈ మార్పు చేయుట కొండను త్రవ్వి ఎలుకను పట్టుట వంటిది. ఇక చిరకాలము మన్నుట సంగతి. ఎల్.ఇ.డి. చిప్పకు శత్రువు వేడి. హాలోజను తీగ తన వేడిని కాంతితోపాటు ముందుకు వెదజల్లును; చిప్ప వేడి వెనుకకు, బల్బు మొదటిలోనికి దిగును. అందుచే వెనుక అల్యూమినియపు రెక్కలో, చిన్న ఫంకాయో అమర్పవలసివచ్చుచున్నది. డూము వెనుక రబ్బరుమూత పట్టక, దానిని కోసివేయువారును గలరు. అంతట దుమ్ము, వానచెమ్మ లోపలికి దూఱి రిఫ్లెక్టరు మెఱుగుపూతను తినివేయును. చౌకబల్బు ఫంకా ఆగిపోయినచో చిప్ప త్వరలోనే మసకబాఱును. వేలరూపాయల డూమును చెఱచుకొని బల్బు మన్నినదని సంతోషించుట వివేకము కాదు.

అయినను కారునందలి ప్రతి బల్బునకును ఈ నిషేధము చెల్లునని మా యభిప్రాయము కాదు. లోపలి కప్పుదీపము, సామానుపెట్టె దీపము మాడిపోయినపుడు ఎల్.ఇ.డి. వేసికొన్న ఎవ్వరికిని కష్టములేదు. వెనుకదీపములు, బ్రేకుదీపములు, ఇండికేటర్లు ఇతరులకు సూచన లిచ్చునవి గనుక, వాని విషయమున జాగ్రత్త వలయును. ఎఱ్ఱని అద్దమువెనుక తెల్లని ఎల్.ఇ.డి. వేసినచో రంగు వెలవెలబోవును. ఆ కాంతిలో ఎఱుపు పాలు తక్కువ. బ్రేకుదీపమునకును వెనుకదీపమునకును వెలుతురులో భేదము స్పష్టముగ తెలియకున్న వెనుకవచ్చువాడు మోసపోవును. ఇండికేటరు బల్బు 21 వాట్లు గ్రహించునది. దాని స్థానమున స్వల్పవిద్యుత్తు గ్రహించు ఎల్.ఇ.డి. వచ్చినచో, బల్బు మాడినదని భ్రమించి ఫ్లాషరు రిలే అతివేగముగ కొట్టుకొనును. కొన్ని క్రొత్తకారులలో యంత్రమే దీపము చెడినదని హెచ్చరించును. ఎల్.ఇ.డి.కి ధన, ఋణ భేదము గలదు గాన తలక్రిందుగా పెట్టిన వెలుగదు, త్రిప్పి పెట్టవలయును. ఇవియన్నియు తెలిసిన ఎలక్ట్రీషియను చేతనే, ఆ కారు తయారీదార్లు అంగీకరించినంతవఱకే ఈ మార్పులు చేయించుట శ్రేయస్కరము.

ఈ బల్బులు కొనువారినందఱిని దుర్మార్గులనుట అన్యాయము. వారికొక న్యాయమైన మొఱ గలదు. రాత్రివేళ తమకు త్రోవ సరిగా కనబడుటలేదని వారనుచున్నారు. అది నిజము. కాని ఆ లోపమునకు కారణము పలుమాఱులు బల్బుజాతి కాదు. పలుమాఱులు డూముయొక్క ప్లాస్టికు అద్దము ఎండకు పసుపుబాఱి వెలుతురును మ్రింగుచుండును. దానిని మెఱుగుపెట్టించిన సగము వ్యాధి కుదురును. పాతవైరింగులో, త్రుప్పుపట్టిన కనెక్టరులో వోల్టేజి తఱిగిపోవుచుండును. వోల్టేజి కొంచెము తగ్గినను హాలోజను వెలుతురు మిక్కిలి తగ్గును. మంచి తీగయు, రిలేయు వేయించిన ఆ కొఱత తీఱును. ఒక బల్బు మాడినపుడు రెండవదియు ముసలిదైయుండును గనుక జతగా మార్చుట మేలు. క్రొత్తబల్బు గాజును వట్టిచేతితో తాకరాదు, చేతిజిడ్డు తగిలిన చోట గాజు వేడెక్కి పగులవచ్చును. బండిని చదునునేలపై గోడకు పది మీటర్ల దూరమున నిలిపి డిమ్ము వేసినపుడు, వెలుతురు పైయంచు దీపపు ఎత్తుకంటె పది సెంటీమీటర్లు క్రిందుగా పడవలయును. వెనుక బరువు వేసినపుడు బండి ముందుభాగము పైకి లేచి దీపము కూడ లేచును. అందుకే పలుకారులలో దీపమును దించు చక్రము చేతియందుబాటున నుంచబడినది. దానిని త్రిప్పువారెందఱు?

వెలుతురు చాలదని వెనుకటికాలమునను కొందఱు 100/90 వాట్ల హాలోజను బల్బులు వేయుచుండిరి. హోల్డర్లు కరగినవి, వైర్లు కాలినవి, ఎదుటివారు బాధపడిరి. అప్పుడు దీపపు నడుమనో పైభాగముననో నల్లరంగు పూయించు ఆచారము వచ్చినది. రోగము బల్బునందుండగా మందు అద్దమునకు పూసినట్లయినది. నేడు జరుగుచున్నదియు ఆ కథకు రెండవ ఆశ్వాసమే.

చట్టము లేదందుమా? చట్టమునకు కొదువలేదు. మోటారువాహనముల చట్టములు మనకు 1914, 1939, 1988 సంవత్సరములలో వచ్చినవి. 1989వ సంవత్సరపు కేంద్ర మోటారువాహనముల నిబంధనలలో 106వది దీపములను గూర్చి స్పష్టముగ చెప్పుచున్నది. దీపమునకు 8 మీటర్ల యెదుట, దాని కుడియంచుకు అఱమీటరు ప్రక్కగా, నేలకు 1.5 మీటర్ల యెత్తున కన్ను గలవానికి మిఱుమిట్లు గొలుపకుండునట్లు వెలుతురు శాశ్వతముగ క్రిందికి వంపబడియుండవలయును. చట్టములోని 52వ సెక్షను, తయారీదార్లు నిర్ణయించిన రూపమునకు భిన్నముగ వాహనమును మార్చరాదని విధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టువారు ఈ సూత్రమును గట్టిగా సమర్థించిరి. 2019వ సంవత్సరపు సవరణచే వచ్చిన 182-ఎ సెక్షనుక్రింద, అనుమతిలేని మార్పు చేసిన యజమానికి మార్పొక్కింటికి అయిదువేల రూపాయల జుల్మానాయో, ఆఱునెలల ఖైదో, రెండునో విధింపవచ్చును. ముఖ్యరక్షణభాగములని ప్రభుత్వము ప్రకటించినవానిని ప్రమాణవిరుద్ధముగ అమ్మువానికి భాగమొక్కింటికి లక్షరూపాయల జుల్మానాయో, ఏడాది ఖైదో, రెండునో విధింపవచ్చును.

ఈ రెండు శిక్షలను ప్రక్కప్రక్కన నుంచి చూచిన శాసనకర్తల యుద్దేశము విశదమగును. కొనువానికంటె అమ్మువాని యపరాధము పెద్దదని వారెంచిరి. ఆచరణలో మాత్రము తలక్రిందైనది. బాటమీద కానిస్టేబులు కారు నాపి యజమానిని నిలదీయును. ఆ బల్బును బహిరంగముగ అమ్ము దుకాణము దీపములతో కళకళలాడుచుండును. ఇంటర్నెట్టు అంగళ్లలో ఏ ప్రశ్నయు లేకుండ ఇంటికే పంపుదురు. వాగు మొదట గట్టు వేయక, పల్లములో నీరు తోడుట వంటి పాలన ఇది. ముందుదీపపు బల్బును ముఖ్యరక్షణభాగముగనే భావించి, ప్రమాణముద్ర లేని సరకు ఓడరేవునందే నిలుపవలయును. దుకాణములను తనిఖీ చేయవలయును. అమాయకుడగు కొనుగోలుదారుని శిక్షించుటకు ముందు అమ్మినవానిని ప్రశ్నింపవలయును.

నిషేధము మాత్రమే చాలదు. ధర్మమైన కోరికకు ధర్మమైన మార్గము చూపనిచో జనులు అడ్డదారి పట్టుదురు. జర్మనీదేశమున 2020వ సంవత్సరమున ఒక మధ్యేమార్గము తెఱవబడినది. హాలోజను డూములో వేయదగిన ఎల్.ఇ.డి. బల్బును ఒక్కొక్క కారుదీపమునందు విడివిడిగా పరీక్షించి, వెలుతురు హద్దు చెడలేదని తేలినచో, ఆ కారులకు మాత్రమే అనుమతి నిచ్చుచున్నారు. ఏ బల్బు ఏ కారునకు తగునో పట్టికయందు ప్రకటింపబడును. పట్టికలో లేని కారునకు ఆ బల్బే అక్రమము. ఇందలి న్యాయము సుగ్రాహ్యము: పరీక్షింపబడవలసినది బల్బు కాదు, బల్బును డూమును కలిసిన దీపము. మనకు పూనాలో ఏ.ఆర్.ఏ.ఐ., మానేసరులో ఐ.సి.ఏ.టి. వంటి పరీక్షాసంస్థలు గలవు. మన బాటలకు, మన ఎడమనడకకు, మన దుమ్మునకు, మన వేసవికి తగినట్లు ఇట్టి పరీక్షలు జరిపి, తగిన బల్బుల పట్టికను దేశభాషలలో ప్రకటించుట ప్రభుత్వమువారికి అసాధ్యము కాదు.

స్వదేశీ పరిశ్రమకు ఇది యొక మంచి యవకాశము. ఉజాల పథకపు ఆరంభమునకు ముందు 2014లో 310 రూపాయలకు కొన్న ఇంటిబల్బు, రెండేండ్లలో 38 రూపాయలకు దిగినది. ప్రభుత్వము ప్రమాణము నిర్ణయించి పెద్దమొత్తమున కొనుటచేతనే ఇది సాధ్యమైనది. నియమములేని సరకు దిగుమతి చేసికొని పేరు మార్చి అమ్ముట స్వదేశీ కాదు. పరీక్షకు నిలిచిన సరకును మన కర్మాగారములలో తయారుచేసి, మన గ్యారెంటీతో అమ్ముట స్వదేశీ. విజయవాడ ఆటోనగరువంటి స్థలములలో మోటారుపనియందు ఆఱితేఱిన కార్మికులు వేలకొలదిగ గలరు. వారికి దీపపు గుఱి సరిచూచు యంత్రములను, కొద్దిపాటి శిక్షణమును సమకూర్చినచో, బల్బు మార్చిన ప్రతి బండియు గుఱి సరిచూపించుకొనియే బయటికి వచ్చును.

కారు తయారుచేయు కంపెనీలవారికిని మేము ఒక మాట చెప్పదలచినాము. డూముతోపాటే ఎల్.ఇ.డి.కై రచింపబడిన దీపములు 2007వ సంవత్సరమునుండియు కారులలో వచ్చుచున్నవి, అవి ఉత్తమమైనవి. కాని మనదేశమున పలుమాఱులు అట్టి దీపములు హెచ్చువెల రకములకే కేటాయింపబడుచున్నవి. తక్కువవెల రకమును కొన్న సామాన్యునకు మందమైన హాలోజను దీపమే దక్కుచున్నది. చూపు ఆడంబరవస్తువు కాదు. మెత్తని కుర్చీకి, పాటలపెట్టెకు హెచ్చుధర పుచ్చుకొనిన పుచ్చుకొనుడు. రాత్రివేళ బాట కనబడుట ప్రతి కొనుగోలుదారుని హక్కు. మంచి దీపమును అన్ని రకములకు అమర్చినచో అక్రమపు బల్బుల బజారు సగము దానంతట నదియే మూతబడును.

రవాణాశాఖవారి బాధ్యత తక్కువది కాదు. ఫిట్‌నెస్ పరీక్షయందు దీపము వెలుగుచున్నదా యని చూచుటతో తృప్తిపడరాదు. ఎచ్చట వెలుగుచున్నదో, ఎదుటివాని కంటిలో పడుచున్నదో లేదో యంత్రముతో కొలువవలయును. లైసెన్సుకై వచ్చు ప్రతివానికిని డిప్పరు ఎప్పుడు, ఏల కొట్టవలయునో నేర్పవలయును. ఎదురుబండి కానవచ్చిన వెంటనే డిమ్ము చేయుట మర్యాద మాత్రమే కాదు, కర్తవ్యము.

గ్రామములందలి మా భూస్వాములకు, రైతుసోదరులకు ప్రత్యేకముగ విన్నవించుచున్నాము. చెఱకు కోతకాలమున, వరి నూర్పుల కాలమున రాత్రులు ట్రాక్టర్లు, వాని వెనుక ట్రాలీలు బాటల నిండ నడచుచుండును. పెక్కు ట్రాలీలకు వెనుకదీపము లేదు, ఎఱ్ఱరేకైనను అతికింపబడలేదు. మన పెద్దలు ఎడ్లబండి ఇరుసుక్రింద లాంతరు వ్రేలాడగట్టి ప్రయాణము చేసిరి. ఆ లాంతరు దారి చూచుటకు మాత్రమే కాదు. ఇచ్చట ఒక బండి యున్నదని ఇతరులకు తెలుపుటకు. వెనుకదీపము మాడిన ట్రాలీకి ఒక ఎఱ్ఱని ఎల్.ఇ.డి. దీపము, వెనుక రెండు మూలల రిఫ్లెక్టరు పట్టీలు అమర్చుటకు ఖర్చు స్వల్పము. క్రొత్తదీపమునకు నిజమైన యుపయోగ మిచ్చట గలదు. కారునకు ముందు కండ్లు జిగేలుమనిపించు బల్బులు వేయించి, ట్రాక్టరు వెనుక చీకటిని విడిచిన యజమాని రెండువిధముల తప్పు చేయుచున్నాడు.

స్వరాజ్యము వచ్చిననాటినుండి మనము హక్కులను గూర్చి చాల మాటలాడితిమి. బాటమీద హక్కు అందఱికి సమానము. లక్షల కారు గలవాడు ఎంతటి పౌరుడో, పాతసైకిలు త్రొక్కు కూలివాడును అంతటి పౌరుడే. తన త్రోవ చూచుకొనుటకై పరుని కన్ను పొడుచు స్వేచ్ఛ ఏ స్వరాజ్యమునందును లేదు. కావున మాడిన బల్బు స్థానమున ఏది వేయవలయునని మమ్మడిగినచో మా సమాధానమిది: ముందుదీపమున తయారీదార్లు నిర్ణయించిన జాతి బల్బును, నిర్ణయించిన వాట్లకే, మంచి ముద్ర గలదానినే జతగా వేయుడు, అద్దమును మెఱుగుపెట్టించుడు, వైరింగు బాగుచేయించుడు, గుఱి సరిచూపించుడు. ఎల్.ఇ.డి. వెలుతురే కావలయునన్నచో, చట్టబద్ధమైన పరీక్షాపద్ధతిని త్వరలో నెలకొల్పవలసినదని మీ ప్రతినిధులను ఒత్తిడిచేయుడు. ప్రభుత్వమువారును ఈ విషయమును అల్పమని త్రోసిపుచ్చక, అమ్మకమును అదుపుచేసి, అనుమతికి మార్గము తెఱచి, పరీక్షలను నిక్కముగ జరిపింతురుగాక యని కోరుచున్నాము. ఈ పనులలో దేనికిని క్రొత్త చట్ట మక్కఱలేదు. ఉన్న చట్టమును నడిపించు సంకల్పము చాలును.